తిన్నగా దాటిన చుక్క

“సంతకం పెట్టేయండి చంద్రరావుగారూ. లారీ ఎత్తుకుపోయింది మీ డ్రైవరే. ఇందులో ఇంక తేల్చాల్సిందేమీ లేదు.”

ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన దర్యాప్తు అధికారి ప్రసన్నకుమార్ పొద్దుటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో అతనికే తెలియదు. చొక్కా ఇస్త్రీ మడత మాత్రం ఇంకా నలగలేదు. వీరభద్ర రోడ్ లైన్స్ యజమాని చంద్రరావు కలం పట్టుకున్నాడు గానీ కాగితం వైపు చూడటం లేదు. గుమ్మం అవతల అరుగు మీద కూర్చున్న నూకరత్నం వైపు చూస్తున్నాడు. కనిపించకుండా పోయిన డ్రైవరు గంగాధర్ ఆమె భర్త.

ఆ సంతకం పడితే సాయంత్రానికి గంగాధర్ మీద పోలీసు కేసు నమోదవుతుంది. మనిషి దొరికినా దొరక్కపోయినా దొంగ అనే పేరు మాత్రం ఖాయం. ఆ సంగతి నూకరత్నానికి తెలుసు. అందుకే పొద్దుట బస్సెక్కి రాజమహేంద్రవరం వెళ్ళి, డిటెక్టివ్ లోవలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ డిటెక్టివ్ ఇప్పుడు తాపీగా అన్నం తింటోంది. ఆకలితో ఉన్న బుర్ర ముందు కనిపించిన వాడినే దొంగ అంటుందని లోవలక్ష్మి నమ్మకం. ఎదురుగా ప్రసన్నకుమార్‌ని చూశాక ఆ నమ్మకం మరింత బలపడింది.

“పప్పుచారు అమృతంలా ఉందండి,” అంది వేళ్ళు నాక్కుంటూ. “ఎవరి వంట?”

“మా ఆవిడ చెబుతుందండి, వంటవాళ్ళు చేస్తారు. మరమ్మతులకని గోదావరి వంతెన మీద పెద్ద బళ్ళు ఆపేసిన దగ్గర్నుంచీ రోజూ గుండిగలతోనేనండి. ఆగిపోయిన లారీలు ఎవరివైనా డ్రైవర్లు మనవాళ్ళే కదండీ.” అంత దిగులులోనూ చంద్రరావు మొహం వెలిగింది.

“మేడమ్, మనం భోజనాల గురించి...” అన్నాడు ప్రసన్నకుమార్.

“మీరూ ఓ ముద్ద తినాల్సిందండీ. చంద్రరావుగారూ, వంతెన మూసేశాక ఏం చేశారో మొదట్నుంచి చెప్పండి.”

వ్యాపారం సంగతి అడిగితే చంద్రరావుకి ఆపడం తెలియదు. “వంతెన మూసేస్తే మనమెందుకు మూసుకోవాలండీ? సగం లారీల్ని ముందే అవతలి గట్టుకి తోలించేశాను. ఇక్కడి బళ్ళు ఇక్కడే, అక్కడివి అక్కడే. మేత బస్తాలూ, కొబ్బరికాయలూ చిన్న బళ్ళలో వంతెన దాటించి, అవతల లారీలకెక్కించేస్తున్నాం. రావులపాలెం అరటి లారీల వాళ్ళు నిన్నటిదాకా నాకు పోటీయేనండి. ఇప్పుడు వాళ్ళ గెలలు మా బళ్ళలో, మా సరుకు వాళ్ళ బళ్ళలో. ఏ బండీ ఖాళీగా తిరగట్లేదు.”

“మరి రొయ్యలు?”

“అక్కడే వచ్చిందండి చిక్కు. గడ్డకట్టిన రొయ్యల్ని ఎండలో దింపి ఎక్కించలేం కదండీ. ఫ్రిజ్ లారీ లారీలాగే దాటాలి. రేవులో బళ్ళని ఏరు దాటించే పంటు మీద ఒక్కో లారీనే ఎక్కిస్తారు. వంతు వచ్చేదాకా ఎక్కడి బండి అక్కడే వరసలో నిలబడాలి. అందాకా డీజిల్ తగలెయ్యకుండా యార్డు నుంచి కరెంటు లైను లాగించాను. రోడ్డు పొడుగూతా ప్లగ్గులే. ఏ కంపెనీ బండైనా పెట్టుకోవచ్చండి.”

పక్కా మనిషి అనుకుంది లోవలక్ష్మి. దారి మూసుకుపోయినప్పుడు పక్కవాడి దారి కూడా చూసేవాడు ఊరికే చెడిపోకూడదు.

నిన్న జరిగింది ఇదీ. గంగాధర్ రొయ్యల లారీతో యార్డు నుంచి బూరుగులంక రేవుకి బయలుదేరాడు. లారీలో దాచి పెట్టిన ట్రాకర్ ప్రకారం బండి మధ్యాహ్నం రెండున్నర తరవాత గోదావరి దాటింది, రావులపాలెం చేరింది, అక్కడే ఆగిపోయింది. సాయంత్రం ప్రసన్నకుమార్ వెళ్ళి చూస్తే అరటి మార్కెట్ వెనక బోదెల కుప్పలో ట్రాకర్ ఒక్కటే దొరికింది. లారీ లేదు. రొయ్యలు లేవు. గంగాధర్ ఫోను పలకలేదు.

“బండి రేవులో ఎక్కడం చూసిన మనిషున్నాడా?” అడిగింది లోవలక్ష్మి.

“మా సూపర్‌వైజరున్నాడండి. పెదబాబూ!”

పెదబాబు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నల్లగా బలంగా ఉన్నాడు. మెడలో ఈల వేలాడుతోంది. వరసలో ఏ లారీ ఎక్కడ నిలబడాలో, ఏది ఎప్పుడు కదలాలో చెప్పేది అతనే.

“నిన్న గంగాధర్ బండిని రేవుదాకా నువ్వే తీసుకెళ్ళావా?”

“ఆయ్. ముందు నేను మోటారు సైకిల్ మీద, ఎనకాల ఆడు లారీలో. రెండున్నర పంటు ఎక్కించేనండి.”

“పంటు కదిలేదాకా ఉన్నావా?”

“అవతలి గట్టు దగ్గరికెళ్ళేదాకా చూసేనండి. చెయ్యి కూడా ఊపేడండి గంగాధర్. అలా చేత్తాడని కల్లో కూడా అనుకోలేదండి.” గొంతులో బాధ సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంది.

“మీదే ఊరు బాబూ?”

“రేవు పక్కనేనండి. మా నాన్నది చేపల ఏటేనండి. చిన్నప్పుడు నేనూ నావ నడిపేను.”

“మాదీ ఏటి ఒడ్డే,” అంది లోవలక్ష్మి సంతోషంగా. “మా అయ్య కూడా వలేసిన మనిషే. వరసలోకి నిన్న కొత్త లారీలేమన్నా వచ్చాయా?”

“లేదండి. నాలుగు రోజుల్నించి కొత్తోళ్ళకి చోటివ్వట్లేదండి. ప్లగ్గులు నిండిపోయేయి.”

“సరే, వెళ్ళు బాబూ,” అంది ఆవిడ. పెదబాబు నమస్కారం పెట్టి తన పని మీద వెళ్ళిపోయాడు.

“చాలా?” అన్నాడు ప్రసన్నకుమార్ చేతులు కట్టుకుని. “రేవులో నేనూ విచారించాను. రోజంతా తెల్ల డబ్బా లారీలే దాటుతున్నాయట, ఏది ఎవరిదో గుర్తులేదన్నారు. కానీ ట్రాకర్‌కి మతిమరుపు ఉండదు మేడమ్. బండి ఏరు దాటింది. అవతల డ్రైవరు ట్రాకర్ పీకి పారేసి బండితో ఉడాయించాడు. కాదనడానికి మీ దగ్గర ఏముంది, పప్పుచారు తప్ప?”

“ఆ ఏరు దాటిన గీత ఓసారి చూపించండి.”

చంద్రరావు ఫోను ఇచ్చాడు. తెర మీద పటం, దాని మీద లారీ నడిచిన ఎర్ర గీత. లోవలక్ష్మి రెండు వేళ్ళతో రేవు దగ్గర పెద్దది చేసి చూసింది. తరవాత కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. గీత ఈ గట్టు నుంచి ఆ గట్టుకి స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

“మొన్న ఇదే వేళకి దాటిన మీ బండి ఇంకేదన్నా ఉంటే అదీ చూపించండి.”

“సాల్మన్ బండి ఉందండి,” అన్నాడు చంద్రరావు. సాల్మన్ అతని దగ్గర మరో డ్రైవరు. మొన్న సరుకు దింపి, ఈ ఉదయమే తిరిగొచ్చి, మళ్ళీ రొయ్యలెక్కించుకుని వరసలో మొదట నిలబడ్డాడు. అతని బండి గీత తెర మీదకి వచ్చింది. అది గట్టు వదిలి కిందికి దిగి, కొడవలిలా వంగి, చుట్టు తిరిగి అవతల చేరింది.

లోవలక్ష్మికి నవ్వొచ్చింది. ఇలాంటి నవ్వు వచ్చిందంటే ముడి విడిపోయినట్టే. ఆ హాయిని ఓ క్షణం ఎవరికీ పంచకుండా తనొక్కతే అనుభవించింది.

“ప్రసన్నకుమార్‌గారూ, మొన్న తిథేమిటండీ?”

“నాకేం తెలుసు? నేను పంచాంగం చూసి దర్యాప్తు చెయ్యను.”

“చూస్తే మంచిదండి. మొన్న అమావాస్య. ఆ రెండు మూడు రోజులూ మధ్యాహ్నం పాటు గట్టిగా లాగుతుంది. సముద్రం నీళ్ళు వెనక్కి లాక్కుంటే ఇక్కడ ఏరు పలచబడిపోతుందన్నమాట. బూరుగులంక రేవు మధ్యలో ఇసుక మేట ఉంది. దాని మీద ఆ వేళకి మోకాలి లోతు నీళ్ళుంటే గొప్ప. లారీని మోసే పంటు దాని మీద నుంచి వెళితే అక్కడే కూలబడుతుంది. అందుకే మేట చుట్టూ తిరిగి వెళుతుంది. సాల్మన్ గీత వంగింది అందుకే.”

“అయితే?”

“గంగాధర్ గీత వంగలేదు. మేట మీద నుంచి తిన్నగా పోయింది. ఆ వేళలో అలా పోగలిగేది చేపల నావ ఒక్కటే. చేపల నావలో లారీ పడుతుందాండీ?”

ప్రసన్నకుమార్ ఫోను మీదికి వంగి గీతలు రెండూ మళ్ళీ చూశాడు. చంద్రరావు కలం పక్కన పడేశాడు.

“నది దాటింది ట్రాకర్ ఒక్కటే,” అంది లోవలక్ష్మి. “లారీ దాటలేదు. ట్రాకర్ పీకి నావలో వేసుకెళ్ళినవాడు పంటు దారిలో వెళ్ళి ఉంటే మనమెవరం కనిపెట్టలేకపోయేవాళ్ళం. కానీ చిన్నప్పటి నుంచి ఏటి మీద బతికిన చెయ్యి. మేట మీద నావకి నీళ్ళు చాలుతాయని తెలిసి ఊరికే చుట్టెందుకు తిరుగుతాడు? అలవాటు చొప్పున తిన్నగా పోయాడు. నేనైనా అంతే చేసేదాన్ని.”

“అంటే పెదబాబు...” అన్నాడు చంద్రరావు. “లారీ పంటెక్కడం కళ్ళారా చూశానన్నాడు కదండీ!”

“చూశానన్నాడు. చెయ్యి ఊపాడని కూడా అన్నాడు. ఆ చెయ్యి ఊపడం కాస్త ఎక్కువైంది.”

ప్రసన్నకుమార్ తేరుకున్నాడు. ఓడిపోవడం కన్నా వాదన ఆపడం కష్టం ఆ మనిషికి. “సరే, దాటలేదనుకుందాం. మరి అంత లారీ ఏమైంది? రొయ్యలు చెడకుండా ఫ్రిజ్ నడవాలి. ఈ గట్టున నిన్న రాత్రంతా ఫ్రిజ్ లారీ నడుస్తుంటే ఎవరికీ అనుమానం రాని చోటెక్కడుంది?”

అడిగేసి తనే ఆగిపోయాడు. ముగ్గురూ ఒకేసారి కిటికీలోంచి బయటికి చూశారు. రోడ్డు పక్కన కనుచూపు మేర తెల్ల డబ్బా లారీలు, చంద్రరావు కరెంటు పీల్చుకుంటూ గుర్రుగుర్రుమంటున్నాయి.

“నా ప్లగ్గుకేనా?” అన్నాడు చంద్రరావు. “చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందండీ నా బతుకు!”

లోవలక్ష్మి చెయ్యి కడుక్కుని బయటికొచ్చింది. నూకరత్నం లేచి నిలబడింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

“రా నూకరత్నం. మీ ఆయన్ని వెతుకుదాం.”

“బతికున్నాడాండీ?”

“దొంగ మాత్రం కాదు. ముందు ఆ మాట పట్టుకో.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెంట నడిచింది. నిన్నటి నుంచి ఆ మాట అన్నవాళ్ళు ఆమెకి తారసపడలేదు. ఏడుపు ఆగలేదు గానీ అడుగులో బలం వచ్చింది.

డ్రైవర్లంతా వంటల దగ్గర బంతిలో కూర్చున్నారు. బళ్ళ నంబర్లు చూసి లాభం లేదు. నంబరు పలకలు మార్చడం, డబ్బా మీద వేరే కంపెనీ పేరున్న ఫ్లెక్సీ అంటించడం ఎంతసేపు పని? లోవలక్ష్మి బళ్ళ వైపు చూడకుండా వాటి కింద నేల చూసుకుంటూ నడిచింది. ఫ్రిజ్ మిషన్ల నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్నాయి. రోజుల తరబడి ఒక్కచోటే కారడంతో ప్రతి లారీ కిందా మట్టి బురదై, బురద మీద పచ్చగా పాచి పట్టింది. ఒకచోట గడ్డి కూడా మొలిచింది. నాలుగు రోజులుగా కొత్త బండి రాలేదన్న మాట నిజమైతే వరస చివరిదాకా ఇలాగే ఉండాలి.

వరసలో సగం దాటారో లేదో యార్డు వైపు నుంచి పెద్ద కేక వినిపించింది. ఆ వెనకే ఈలలు, చప్పట్లు, ఒకదాని తరవాత ఒకటిగా హారన్లు.

“వంతెన తెరిచేసేరండీ! పెద్ద బళ్ళొదిలేత్తన్నారంట!” ఎవరో విస్తరి ముందు నుంచి లేచి పరిగెడుతూ అరిచారు.

అన్ని రోజులుగా ఎదురు చూసిన కబురు. డ్రైవర్లు ఒకరినొకరు కౌగలించుకున్నారు. ఒక పెద్దాయన గోదారమ్మకి దణ్ణం పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే క్యాబిన్ ఎక్కేశాడు. ప్లగ్గులు ఊడుతున్నాయి, ఇంజన్లు లేస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ లోవలక్ష్మి మాత్రం అడుగుల వేగం పెంచింది. దొంగ ఎదురు చూసింది కూడా ఈ కబురు కోసమే. వంద లారీల మధ్య ఆ ఒక్క లారీ దర్జాగా వంతెనెక్కి వెళ్ళిపోతుంది.

“నూకరత్నం, పరిగెత్తు! కింద పాచి లేని బండి చూడు!”

చివరి నుంచి అయిదో లారీ కింద నేల ఎర్రగా, పొడిగా ఉంది. మిషన్ కింద చేటంత మేర మాత్రం కొత్తగా తడిసింది. డబ్బా మీద ఏదో తెలియని కంపెనీ పేరు. బనియను వేసుకున్న ఒక మనిషి అప్పుడే స్టీరింగు ముందు కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

“ఇదేనేమో...” లోవలక్ష్మి ఇంకా మాట పూర్తి చెయ్యలేదు.

“ఇదేనండీ!” నూకరత్నం గొంతు చించుకుని అరిచింది. క్యాబిన్‌లో పడక ముందు వేలాడుతున్న తెర వైపు చెయ్యి చూపించింది. “నెమలికంఠం రంగు! నా చీర చింపి నేనే కుట్టేనండీ ఆ తెర!”

నంబరు మార్చినవాడు, పేరు మార్చినవాడు తెర సంగతి తలచుకోలేదు. ఏ లారీలో మటుకు తెర ఉండదు కనక?

లారీ కదిలింది. నూకరత్నం దాని ముందుకి ఉరకబోతే లోవలక్ష్మి రెండు చేతులా పట్టి వెనక్కి లాగింది. చక్రం వాళ్ళ పక్క నుంచే పోయింది. అది రోడ్డెక్కేలోపు ఓ తెల్ల కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి లారీ మూతికి అడ్డంగా ఆగింది. ధడాలున చప్పుడు. కారు తలుపు లోపలికి నొక్కుకుపోయింది. అవతలి తలుపులోంచి ప్రసన్నకుమార్ దిగాడు. ఇప్పుడు చొక్కా మడతలన్నీ పోయాయి.

“కంపెనీ కారు,” అన్నాడు రొప్పుతూ. “ఇన్సూరెన్స్ ఉంది.”

బనియను మనిషి అటు వైపు దూకి కొబ్బరితోటలోకి పరుగెత్తాడు. నలుగురు డ్రైవర్లు వెంటపడ్డారు. నూకరత్నం అప్పటికే క్యాబిన్ ఎక్కేసి తెర లాగింది. పడక మీద టార్పాలిన్ తాడుతో కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్నాడు గంగాధర్. నోటికి తువ్వాలు చుట్టారు. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

తువ్వాలు విప్పగానే నూకరత్నం చేసిన మొదటి పని అతని భుజం మీద చాచి కొట్టడం. రెండోది అతని మీద పడి బావురుమనడం. గంగాధర్‌కి నాలుక సరిగ్గా తిరగడం లేదు. “ఏడవకే... నేనేం చెయ్యలేదే,” అన్నాడు.

“తెలుసు. ఊరందరికీ తెలుసు ఇప్పుడు,” అందామె గట్టిగా, చుట్టూ మూగిన వాళ్ళందరికీ వినపడేలా.

చంద్రరావు కళ్ళు తుడుచుకున్నాడు. ప్రసన్నకుమార్ జేబులోంచి సంతకం కాగితం తీసి, నాలుగు ముక్కలుగా చింపి, లోవలక్ష్మి వైపు చూడకుండానే అన్నాడు. “ఆ పప్పుచారు ఇంకా మిగిలిందాండీ?”

“మీకోసం అట్టేపెట్టించాను,” అందావిడ. ఆమెకి అప్పుడు ఆ మనిషి మీద నిజంగానే ఇష్టం కలిగింది. తరవాత గంగాధర్ దగ్గరికి వంగింది. “ఎలా జరిగింది నాయనా?”

“రేవుకి పోయే దారిలో ఆపేడండి పెదబాబు. ఎండగా ఉందిరా, కాత్త మజ్జిగ తాగు అని సీసా ఇచ్చేడు. తాగేను. అంతేనండి... మళ్ళీ కళ్ళు తెరిత్తే ఇక్కడున్నాను.”

లోవలక్ష్మి నడుం నిలబెట్టి చుట్టూ చూసింది. ఇంత గొడవలోనూ పెదబాబు ఈల వినిపించలేదు.

“చంద్రరావుగారూ, పెదబాబేడి?”

“మీరు వరస వైపు రాగానే వాణ్ణి ఆఫీసులోనే కూర్చోబెట్టి ఉంచుదామని పిలిపించానండి. అప్పటికే లేడు. వంతెన కబురు ముందు వాడికే తెలిసిందట. మొదట మన బండే దాటాలని ఈల వేసి, సాల్మన్‌ని బయలుదేరదీసి, తనూ పక్కన ఎక్కాడట.” చంద్రరావు వంటల వైపు చూశాడు. “వంటల దగ్గర్నుంచి ఓ సీసా మజ్జిగ కూడా పట్టుకెళ్ళాడంటున్నారండి.”

ఒకసారి పాచిక పారినవాడు రెండోసారి వెయ్యకుండా ఉండడు. లోవలక్ష్మి అతని చేతిలోంచి ఫోను లాక్కుని సాల్మన్ బండి పటం తెరిచింది. ఆమె భుజం మీదుగా ప్రసన్నకుమార్ తొంగి చూశాడు. చంద్రరావు మరో ఫోను నుంచి సాల్మన్‌కి చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

చుక్క కదులుతూనే ఉంది. కానీ వంతెన వైపు కాదు. బూరుగులంక రేవు దాటి, గోదావరి మధ్యలో, ఇసుక మేట మీదుగా తిన్నగా పోతోంది.